గొబ్బెమ్మ పువ్వు, గుమ్మడి పిందె

తాడేపల్లిగూడెంలో మా పెరటి గుమ్మడిపాదు అత్తగారిది. తొలికాయ శ్రీరామనవమి సంతర్పణలో దప్పళానికి ఇస్తానని, గింజ నాటినప్పుడే రాముడికి మొక్కుకున్నారు. ధనుర్మాసం వచ్చేసరికి పాదు నిండా పూలే. పిందెలు మాత్రం గోలీకాయంత అయి, పసుపెక్కి రాలిపోతున్నాయి.

"నా మొక్కు ఆయనకి అక్కర్లేదేమో అమ్మాయ్," అన్నారొక ఉదయం, రాలిన పిందెను అరచేతిలో పెట్టుకుని.

నాకు భయం వేసింది. అపచారం ఎక్కడ జరిగింది? పిందె ఉన్న పువ్వును తాకితే పాపమని, తెల్లవారకముందే స్నానం చేసి, పిందె లేని పూలన్నీ ఏరి గొబ్బెమ్మలకు పెట్టేదాన్ని. మిగిలినవి మా ఇంటికి తిరుప్పావై పారాయణకు వచ్చే ఆడవాళ్ళు పట్టుకెళ్ళేవారు.

పక్కింటావిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. సంగతి విని గోడ మీంచి నవ్వారు.

"పిందె లేనివే మగపూలు. అవన్నీ గొబ్బెమ్మకి పెట్టేస్తే పిందెకి పెళ్ళికొడుకేడండీ, అక్కయ్యగారూ?"

"మరి మా గోడ మీది ఆ చిక్కుడుకి పెళ్ళెవరు చేశారండీ? గుత్తులు గుత్తులు కాస్తోంది!"

"దానికి ఒకే పువ్వులో ఇద్దరూ ఉంటారండీ. దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. స్వపరాగ సంపర్కం. మన వరీ అంతే. గుమ్మడికి ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి తేనెటీగ మోయాలి. మీరేమో తేనెటీగ కంటే ముందు లేస్తున్నారు!"

"రెండు పూలూ ఒకే పాదువైతే అది స్వపరాగమా, పరపరాగమా అండీ?"

"అది చెప్పాలంటే ఒక పీరియడ్ పడుతుందండీ," అని లోపలికి వెళ్ళిపోయారు.

నాకంతా కలగాపులగమైంది. పూర్ణుడైన జ్ఞానికి మరొకరి అపేక్ష ఉండదని అంతకుముందే పారాయణలో గట్టిగా చెప్పి ఉన్నాను. ఆ లెక్కన చిక్కుడు జ్ఞాని. మరి గుమ్మడి? రెండింటినీ చేసినవాడు ఒక్కడే కదా!

మర్నాడు ఒకే మగపువ్వు విచ్చింది. దగ్గర్లోనే పిందెపువ్వు. మగపువ్వు కోసి, ఎటు వెళ్ళాలో తెలియక తడిజుట్టుతో అక్కడే నిలబడ్డాను.

"పువ్వుందాండీ?" అని గేటు దగ్గర ఎవరో అడిగారు.

"లేదండీ," అన్నాను, పువ్వు చేతిలో ఉండగానే.

నారాయణ నామం తలుచుకుంటూ రేకులు తుంచి, పుప్పొడిని పిందెపువ్వు లోపల అద్దాను. ఆ చిరిగిన రేకులే గొబ్బెమ్మకు పెట్టాను. అలా పెట్టవచ్చో కూడదో ఎవరినీ అడగలేదు.

పిందె నిలిచింది, నిమ్మకాయంత అయింది. "ఆయన విన్నాడమ్మాయ్," అని అత్తగారు దండం పెట్టారు. నేనూ పెట్టాను. ఆయనే నా చేత చేయించాడో, ఆయన పువ్వును నేనే లాక్కున్నానో మాత్రం నాకు తేలలేదు. దిష్టి తగలకుండా ఆవిడ పిందె మీద గడ్డి కప్పుతుంటే, నేనూ గుప్పెడు గడ్డి అందించాను.