బ్యాండేజీ కట్టిన పుస్తకాలు

లైబ్రరీ ఆంటీ పోయిన ఐదో రోజున ఆమె అలమరాలోని బొమ్మల పుస్తకాలన్నిటినీ పాత కాగితాలు కొనే కబాడీవాడి బండికి ఎత్తించింది మన తెలుగు సంఘం కార్యదర్శి అంకుల్. మూటలు కట్టింది నేను. ఈ రెండు మాటలూ ముందు రాసేస్తే తప్ప మిగతాది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆంటీ పోయారని మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మూడు రోజులు జ్వరం. గురువారం పొద్దున, తను రిటైరయ్యేదాకా నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే పోయారు. మా ఇంట్లో ఫోన్ నాన్న ఎత్తారు. "అలాగా... అలాగా..." అని రెండుసార్లు అని పెట్టేసి, "మీ లైబ్రరీ ఆంటీ పోయారటరా" అన్నారు. నేను పళ్ళు తోముకుంటున్నాను. ఆపలేదు. పూర్తిగా తోముకుని, నోరు కడుక్కుని, తువ్వాలు తీగ మీద సరిగ్గా ఆరేసి, అప్పుడు చెప్పులేసుకున్నాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఆయన బూట్లకు అంటిన మట్టినే చూస్తూ నిలబడ్డాను. తెనాలి నుంచి వచ్చిన ఆంటీ చెల్లెలు నా భుజం పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఢిల్లీలో ఈ ఆర్.కె. పురం క్వార్టర్లలో పెరిగిన మన పిల్లలకు ఆంటీని పరిచయం చేయనక్కర్లేదు. ఆదివారం ఏడింటి ఆరాధనకు వెళ్ళి, అటునుంచి అటే బ్లూలైన్ బస్సెక్కి, సరిగ్గా పదింటికి మన సంఘం గది తాళం తీసేవారు. గదిలో ఒక మూల అలమరా ఆమెది. మిగతా గదంతా క్యారమ్ బోర్డుది, ఉగాది స్టేజీ సామానుది. తెల్ల చీర అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఆ చీర కొంగు మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉండేది.

ఆ పుస్తకాలు ఆమె దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చినవి. ఇంగ్లీషువి, హిందీవి, ఒకటో రెండో బెంగాలీవి కూడా. అన్నీ ఒకే రకం. రాజకుమారులు, రాక్షసులు ఉండరు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తుంటారు. ఒకదాంట్లో ముసలాయన తాటాకుతో పిట్టను చేస్తాడు. మొదటి పేజీలో ఆకు, చివరి పేజీలో పిట్ట, మధ్యలో అంతా ఆయన వేళ్ళే. ఇంకోదాంట్లో ఒక పిల్ల పసుపు, బచ్చలి పళ్ళు, బొగ్గు నూరి రంగులు చేసుకుంటుంది. ఆ పేజీలు తిప్పుతుంటే మన గోళ్ళకే మరక అంటినట్టుంటుంది. ఒకదాంట్లో బొమ్మ చెడిపోతుంది. నిజంగానే చెడిపోతుంది. మేకను గీయబోతే బల్లలా వస్తుంది. తర్వాతి పేజీలో ఆ పిల్లాడు ఆ బల్ల మీదే ఇంకో మేకను నిలబెడతాడు. ఆ పేజీ దగ్గర నవ్వని పిల్లను నేను చూడలేదు.

"ఆంటీ, బకరీ వాలీ ఫిర్ సే!" అనేవాళ్ళు పిల్లలు, మేక పుస్తకం మళ్ళీ చదవమని.

"తెలుగులో అడిగితే చెప్తా."

"మళ్ళీ... బకరీ."

"సగం పాసయ్యావు. రా, కూర్చో."

ఇవే ఎందుకు, వేరే కథలు తేవచ్చు కదా అని ఎవరో తల్లి అడిగితే ఆంటీ ఇచ్చిన జవాబు నేను పక్కనుండి విన్నాను. "పుస్తకం మూసేసరికి పిల్లకి చేతులు దురద పెట్టాలమ్మా. పడుకోబెట్టడానికి వేరే పుస్తకాలున్నాయి."

అందుకే ఆ అలమరాకి ఒక రూలుండేది. ఇంకెక్కడా ఉండదనుకుంటాను. పుస్తకం ఎన్నాళ్ళైనా ఉంచుకోవచ్చు. ఎవరు తీసుకెళ్ళారో ఆమె రాసుకునేవారు కాదు. కానీ తిరిగి తెచ్చేటప్పుడు ఉత్త పుస్తకం తేకూడదు. అది చదివాక నువ్వు గీసినదేదైనా ఒక కాగితాన్ని పుస్తకం చివర అతికించి తేవాలి. బాగుండాలని లేదు, గీసి ఉండాలి. పదేళ్ళలో ఒక్కో పుస్తకం వెనక ఎన్ని కాగితాలు చేరాయంటే అట్టలు మూసుకోవడం మానేశాయి. బచ్చలి పళ్ళ పుస్తకం అయితే పూరీలా పొంగిపోయింది. ఆంటీ వాటికి ఆసుపత్రి అలవాటుకొద్దీ బ్యాండేజీ గుడ్డ చుట్టి, చివర చిన్న ముడి వేసేవారు. లైబ్రరీకి కొత్తగా వచ్చినవాళ్ళు, "ఇవేంటి ఆంటీ, ఫ్రాక్చరయ్యాయా?" అని అడిగేవాళ్ళు. "అవును, నిన్ననే డిశ్చార్జి. జాగ్రత్తగా పట్టుకో" అనేవారు.

నేను బొమ్మల పుస్తకాల వయసు దాటాక అక్కడికి వెళ్ళడం మానేశాను. పదిహేడేళ్ళకి నాకు కరపత్రాల పిచ్చి పట్టింది. కాలేజీ గేటు దగ్గర పంచినవి, బస్టాపుల్లో అతికించినవి, రద్దీ బస్సులో సీటు కింద దొరికినవి, అన్నీ చదివేవాణ్ణి. లోకం ఎందుకిలా ఉందో నాకు నెల రోజుల్లో అర్థమైపోయింది. అర్థమైనదాన్ని అందరికీ అరిచి చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం ఆంటీ మీద కూడా అరిచాను. "ఆకలితో ఉన్నవాడికి బొమ్మలెందుకు ఆంటీ? ఇదంతా కడుపు నిండినవాళ్ళ సరదా" అన్నాను. పిల్లల ముందే.

ఆమెకు కోపం రాలేదు. పిల్లల వార్డులో పనిచేసినప్పటి సంగతి చెప్పారు. ఫ్లైఓవర్ పని చేసే కూలీవాళ్ళ పిల్ల, స్టవ్ పేలి కుడి చెయ్యి కాలింది. ఆంటీ ఆ పిల్ల మంచం మీద తాటాకు పిట్ట పుస్తకం పెట్టారు. పిల్ల ఎడమ చేత్తో గీయడం మొదలుపెట్టింది.

"ఆకలంటే నీకన్నా ఎక్కువ తెలిసిన పిల్లే నాయనా. పొద్దున్నే నేను డ్యూటీకి రాగానే నన్నడిగింది మాత్రం పాలు కాదు. 'సిస్టర్, లాల్ ఖతమ్ హో గయా' అంది. ఎరుపు అయిపోయిందట. నీ కరపత్రంలో ఆ పిల్లకి ఎక్కడ చోటుందో చూపించు."

నేను చూపించలేకపోయాను. అందుకని ఇంకా గట్టిగా అరిచాను. అప్పుడావిడ నా చేతిలోని కరపత్రం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. మన క్వార్టర్లకు నీళ్ళ ట్యాంకర్లు రాకపోవడం మీద నేను రాసిన మొదటి కరపత్రం అది. మొత్తం చదివింది, నాకు తెలిసి, ఆమె ఒక్కరే.

"రాసిందంతా నిజమే. కానీ ఒక్క బొమ్మైనా లేదేంటి బాబూ? చదివేవాడు ఊపిరెక్కడ తీసుకోవాలి?"

ఆమె నీలం మైనపు క్రేయాన్ తీసుకుని, గోడ దగ్గర నేల మీద కూర్చుని, గోడ మీద పిల్లలు క్రేయాన్లతో గీసిన బొమ్మల మధ్య ఖాళీ చూసి ఒక బకెట్ గీశారు. నాలుగు గీతలు, ఒక పిడి. నీళ్ళు లేవు. "ఇది నీ కాగితంలో పెట్టు. ఇందులో నీళ్ళు గీయడం నీ వంతు" అన్నారు. దాన్ని చూసి కాగితం మీదికి ఎత్తుకుని జెరాక్స్ తీయించాను. ఆ కరపత్రాన్ని జనం పారేయలేదు. పిల్లలు బకెట్‌కి రంగులేసి మెట్ల దగ్గర అతికించారు. ట్యాంకర్ వచ్చింది. బకెట్ వల్ల వచ్చిందని నేననను. కానీ జూనియర్ ఇంజినీర్ ఆఫీసుకి మనవాళ్ళు అంతమంది కలిసి వెళ్ళడం అదే మొదటిసారి. చాలామంది చేతుల్లో ఆ కాగితమే ఉంది.

ఆ రోజే నా చేతిలో ఒక పుస్తకం పెట్టారు. ఒక ఆడపిల్ల కొవ్వొత్తి ముక్కతో తెల్ల కాగితం మీద వాన గీస్తుంది. ఏమీ కనబడదు. అందరూ నవ్వుతారు. మీద నీలం నీళ్ళ రంగు పూస్తుంది. మైనం ఉన్నచోట రంగు పట్టదు కాబట్టి వానంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. కథ అంతే. అది తెచ్చుకుని మూడేళ్ళైంది. గీయలేక తిరిగివ్వలేదు. ఉపన్యాసం ఇమ్మంటే ఇస్తాను గానీ, కాగితం ముందు కూర్చుంటే నాకు సిగ్గేస్తుంది. ఎదురుపడినప్పుడల్లా ఆంటీ ఒకటే అడిగేవారు. "వాన పడిందా?" "ఇంకా లేదాంటీ." "ఏం తొందర లేదులే."

ఇక ఆ ఐదో రోజు సంగతి. కార్యదర్శి అంకుల్ నన్ను పిలిచారు. "ఆదివారం సాయంత్రం నాలుగింటికి సంతాప సభ పెట్టాలిరా. గదికి సున్నం వేయించాలి. అలమరా ఖాళీ చేసి మూటలు కట్టు" అన్నారు. కట్టాను. అట్టల మీది బ్యాండేజీ ముడులు వేలికి తగులుతూనే ఉన్నాయి. ఎక్కడ పెడతారని అడగలేదు. లోకంలో ప్రతిదానికీ ఎందుకు, ఎవరికోసం అని అడిగే నేను, ఆ రోజు ఒక్క ప్రశ్న అడగలేదు. సుతిలి తాడు బిగించడం, ముడి వేయడం, ఇంకో మూట. అదొక్కటే తెలుసు. ఇంటికెళ్ళి పడుకున్నాను.

మర్నాడు వెళ్ళి, "అంకుల్, పుస్తకాలెక్కడ పెట్టారు?" అన్నాను.

"ఏ పుస్తకాలు? ఆ చెత్తా? కబాడీకి ఇచ్చేశాం కదా."

"చెత్తేంటి అంకుల్!"

"అరవకు. ప్రతిదాని వెనకా పిల్లలు బరికిన గీతలు, బంక. ఒక్కటైనా మూసుకుంటుందా? అలా ఉంచితే ఆవిడకే అవమానం. ఆవిడ పేరు మీదే కొత్త పుస్తకాలు పెడదాం. జనరల్ నాలెడ్జి, కాంపిటీషన్ బుక్స్. కరోల్ బాగ్ కోచింగ్‌కి వెళ్ళే మన కుర్రాళ్ళకి పనికొస్తాయి. సభలో తీర్మానం కూడా చేసేద్దాం."

"ఎవర్నడిగి ఇచ్చారు?"

"కట్టింది నువ్వే కదరా. అప్పుడేం మాట్లాడలేదే?"

ఆయన దుర్మార్గుడని రాయాలని ఈ కాగితం మొదలుపెట్టాను. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. ఆయన ఆంటీ శవపేటిక మోసినవాళ్ళలో ఒకరు. ఆయన చేసింది తప్పు, చాలా పెద్ద తప్పు. ఆదివారం నాడు అందరి ముందూ ఆయన మొహం మీదే అంటాను. నా తప్పు కూడా చెప్తాను.

మునిర్కాలో కబాడీ గోదాముకి వెళ్ళాను. "వో పట్టీ వాలీ కితాబేఁ? ట్రక్ నికల్ గయా భయ్యా. అబ్ తక్ తో లుగ్దీ బన్ గయీ హోగీ" అన్నాడు అక్కడి మనిషి. బ్యాండేజీ పుస్తకాల ట్రక్ వెళ్ళిపోయింది, ఈపాటికి గుజ్జు అయిపోయి ఉంటాయట. సుతిలి తూకంలో పనికిరాదని విప్పి పక్కన పడేసినట్టున్నాడు. ఆ కుప్పలో ఒక బ్యాండేజీ పీలిక కనబడింది. జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మా ఇంట్లో, కరపత్రాల కట్ట కింద, వాన పుస్తకం ఉంది. దాన్ని చూశాక ఒక సంగతి తట్టింది. చక్కగా గీసి, అతికించి, తిరిగిచ్చిన వాళ్ళ పుస్తకాలన్నీ పోయాయి. మిగిలినవి ఎవరి దగ్గరుంటాయి? నాలాంటి వాళ్ళ దగ్గర. గీయడం రాక, సిగ్గుపడి, రేపు ఇద్దాం ఎల్లుండి ఇద్దాం అనుకుంటూ దాచేసుకున్నవాళ్ళ దగ్గర. ఎవరెవరో ఆంటీ రాసుకోలేదు కాబట్టి ఆ ఇళ్ళేవో నాకు తెలియదు. మీకే తెలుసు. మంచాల కింద, పాత స్కూల్ బ్యాగుల్లో, అమ్మ సర్దిన అట్టపెట్టెల్లో ఒకసారి చూడండి. మీరిప్పుడు నోయిడాలో, గుడ్‌గావ్‌లో ఉద్యోగాల్లో ఉన్నా సరే, ఇంటికి ఫోన్ చేసి వెతికించండి.

సాయంత్రం సభలో ఆ అలమరా దేనికో తీర్మానిస్తారు. అప్పటికి అది ఖాళీగా ఉంటే కాంపిటీషన్ పుస్తకాలు వస్తాయి. ఖాళీగా లేకపోతే ఏం తీర్మానిస్తారో చూద్దాం.

నిన్న గదికి సున్నం వేశారు. రెండు పూతలు వేశారు. పనివాడు గోడ దగ్గర కూర్చుని తిట్టుకుంటున్నాడు. కింది భాగంలో, పిల్లల చేతులు అందినంత మేర, సున్నం నిలవడం లేదు. "మోమ్ హై సాబ్. చూనా పకడ్‌తా హీ నహీఁ" అన్నాడు. మైనపు గీతల మీద తెలుపు పట్టకుండా జారిపోతోంది. సగం చేప, ఎవరిదో పేరులో రెండక్షరాలు, మేకో బల్లో తెలియనిదొకటి, వాటి మధ్య నాలుగు గీతలూ పిడీ ఉన్న నీలం బకెట్. గది మొత్తంలో తెల్లబడనిది ఆ కింది భాగమొక్కటే.

ఇంకో పూత వేయమని అంకుల్ అన్నారు. ఆదివారం దాకా ఆగమని పనివాణ్ణి బతిమాలుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి కాదు, ఆంటీ తాళం తీసే వేళకి రండి. ఆదివారం పొద్దున పది గంటలకు, సంఘం గది దగ్గరికి. పుస్తకం దొరికినవాళ్ళు పుస్తకంతో, దొరకనివాళ్ళు ఒక మైనపు క్రేయాన్‌తో. పిల్లల్ని కూడా తీసుకురండి. నేను తొమ్మిదిన్నరకే అక్కడుంటాను. ఆ బకెట్‌లో ఇంకా నీళ్ళు లేవు.