మూడు రోజుల చుట్టాలు

మా అమ్మమ్మ సల్బియా కూర్చుని అన్నం తినగా నేను ఎన్నడూ చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తుంది. రెండు ముద్దలు మింగుతుంది. వీధిలో ఎవరి పిల్లవాడో బడి ఎగ్గొట్టి పోతూ కనబడితే కంచంతోనే గుమ్మం దిగి వెంటపడుతుంది. ఊరంతా ఆమెను నెక్ అంటారు. మా ఆచే తీరం మాటల్లో నెక్ అంటే అమ్మమ్మే. మా రేవులో ఆమె దగ్గర మూడో తరగతి చదవనివాడు లేడు. నన్ను మాత్రం అందులో రెండేళ్లు కూర్చోబెట్టింది, సొంత మనవరాలిని ఊరికే పాస్ చేసిందని జనం అనుకోకూడదట. ఏడో తరగతిలో నేను బడికి సలాం కొట్టి, ఆ బడి గేటు ముందే అరటిపండు బజ్జీల బండి పెట్టుకున్నాను. "చదువుకోమంటే గేటు దాకా వచ్చి ఆగిపోయింది" అని వచ్చేపోయేవాళ్లకి చెబుతుంటుంది.

గాలి మళ్లే రోజుల్లో రోహింగ్యాల పడవ ఒకటి ఇంజను చచ్చి మా వైపు కొట్టుకొచ్చింది. పవాంగ్ రజాలీ, అంటే మా పడవలన్నిటిలోకీ పెద్ద పడవను నడిపేవాడు, దానికి తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు. సముద్రం మీద మనిషి కనబడితే వల వదిలేసి ముందు మనిషిని ఎత్తాలి. అది మా తాతల నాటి కట్టు. ఆ జనాన్ని రేవు పక్కన పాడుపడ్డ ఐసు షెడ్డులో దించారు. ఆడవాళ్లు, పిల్లలు, ఒంట్లో నెత్తురు లేని మగవాళ్లు.

మర్నాడు అమ్మమ్మ తరగతిలో పుస్తకాలు మూయించింది. ఇల్లు తగలబడి, ఊరు వదిలి, సముద్రం మీద పడ్డవాళ్లు ఎలా ఉంటారో చెప్పింది. చివర్లో అడిగింది.

"వాళ్లు మన చుట్టాలు. చుట్టం ఇంటికొస్తే ఏం చేస్తాం?"

"అన్నం పెడతాం నెక్!"

ఆ కేక నా బండి దాకా వినబడింది. పిల్లలు ఇళ్లకు వెళ్లి తల్లుల్ని పీక్కుతిన్నారు. షెడ్డుకు చేపల పులుసు వెళ్లింది, కొబ్బరన్నం వెళ్లింది, ఎవరింటి నుంచో ఏకంగా బాతు కూర వెళ్లింది. నా బజ్జీలు కూడా ఊడ్చుకుపోయారు. అమ్మమ్మ ఊళ్లో గెలిచిన నాయకురాలిలా తిరిగింది.

నాలుగో రోజు ఒక్క గిన్నె కూడా కదలలేదు. అమ్మమ్మ తలగుడ్డ సగం కట్టుకునే ఊరి పెద్ద ఇల్యాస్ ఇంటికి పరిగెత్తింది. వెనకాల నేను.

"ఏమొచ్చింది మీకందరికీ? పొయ్యిలు ఆరిపోయాయా?"

"కోప్పడకండి నెక్," అన్నాడు ఇల్యాస్. "చుట్టానికి హక్కు మూడు రోజులు. ఆ పైన పెడితే దానం, పెట్టకపోతే తప్పు లేదు. చుట్టాలని చెప్పింది మీరేగా?"

అమ్మమ్మ తలగుడ్డ రెండో కొస లాగి ముడేసింది. ఇల్యాస్ మళ్లీ అందుకున్నాడు.

"శుక్రవారం నమాజయ్యాక అందరం కూర్చుంటాం. షెడ్డు ఖాళీ చేయించాలనేవాళ్లే ఎక్కువ. వాళ్ల ఇంజను రజాలీ తెచ్చి విప్పాడు. బాగుచేసి, కాస్త బియ్యం, నూనె ఇచ్చి పంపేద్దాం అంటున్నాడు."

"ఎక్కడికి?"

ఇల్యాస్ సముద్రం వైపు చూశాడు. వేరే దిక్కు ఏముంది చూడ్డానికి.

అప్పటి నుంచి మా ఇంట్లో అమ్మమ్మ నడకకి నేల అరిగిపోయింది. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. స్టవ్ మీద పాలు పొంగినా తెలీదు, నేను పిలిచినా వినబడదు.

"తప్పంతా నీదే అమ్మమ్మా," అన్నాను. "చుట్టాలని ఎందుకన్నావ్? అల్లుళ్లని చెప్పాల్సింది. మనూళ్లో అల్లుడు అత్తారింట్లో దిగాడంటే చచ్చేదాకా కదలడుగా."

"నోర్ముయ్యవే ఇనోంగ్," అంది. కానీ ఆగి, నా వైపు చాలాసేపు చూసింది. అలా చూసిందంటే ఎవరికో మూడిందన్నమాట.

మూడింది ఊరికి. మర్నాడు పిల్లలకి ఇంటిపని ఇచ్చింది: పెద్ద అల వచ్చాక మీ అమ్మానాన్నలు ఎవరింట్లో తలదాచుకున్నారు? ఎన్నాళ్లు? అడిగి రండి.

మా ఊళ్లో ఆ సునామీ మాట ఇళ్లల్లో ఎత్తరు. ఈ పిల్లలు ఆ అలకి చాలా తరవాత పుట్టినవాళ్లు, వాళ్లకేం తెలుసు? సాయంత్రానికి నా బండి దగ్గర తల్లులు గుమిగూడారు.

"మీ అమ్మమ్మకి ఎక్కాలు చెప్పడం చేతకాదా? మా ఫౌజల్ బడి వదిలినప్పటి నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు."

"మా ఆయన అన్నం వదిలేసి లేచిపోయాడు తెలుసా?"

"మరి బజ్జీలైనా తినండి," అన్నాను. నవ్వలేదు ఒక్కరూ.

దాని మీద ఇంకొకటి. గురువారం బడి గేటు దగ్గర పిల్లలు టింఫాన్ అమ్ముతారని అమ్మమ్మ ప్రకటించింది. అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే ఆ తీపి మేం పండగలకే చేసుకుంటాం. వచ్చిన డబ్బుతో షెడ్డు పిల్లలకి చెప్పులు కొంటారట. కుళాయి దాకా కాలిపోయే తారు రోడ్డు మీద వాళ్లు ఒంటికాలి మీద గెంతుతూ వెళ్లడం అందరం చూశాం.

"చెప్పులా? రేపో మాపో సముద్రంలోకి పంపేవాళ్లకా?" అన్నాను.

"మనం చెప్పులు తొడిగినవాణ్ని ఎవడే నీళ్లలోకి తోసేది?" అంది.

గురువారం పిల్లలు పళ్లేలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. ఎండ ఎక్కింది. అరటాకులు వాడాయి. మనుషులు అవతలి పక్క నుంచి తల తిప్పుకుని పోతున్నారు. అమ్మమ్మ గేటు నుంచి రోడ్డుకి, రోడ్డు నుంచి గేటుకి తిరిగి తిరిగి నా నూనె మూకుడు తన్నబోయింది.

అప్పుడు రజాలీ మోటారు సైకిలు వచ్చి ఆగింది. అతని కూతురు మిస్బా పళ్లెంతో వరసలోనే ఉంది.

"నెక్! నా కూతురికి ఏం నేర్పుతున్నారు మీరు?"

"ఏమడిగింది?"

"మీకు తెలుసు."

"తెలీదు. నువ్వు మూడో తరగతిలో కూడా ఇంతే. జవాబు రాకపోతే నా మీద అరిచేవాడివి."

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. మిస్బా మెల్లగా అంది: "నాన్న చెప్పలేదు నెక్. తలుపేసుకున్నాడు."

అల వచ్చిన పొద్దున రజాలీ ఇంట్లో అతనొక్కడే మిగిలాడు, మీసాలు కూడా రాని వయసులో. అది ఊరందరికీ తెలుసు. ఆ తరవాత ఎక్కడ ఉన్నాడో ఎవరూ అడగలేదు.

అతను కూతురి పళ్లెం వైపు చూస్తూ అన్నాడు: "తకెంగోన్ కొండల్లో. కాఫీ తోట వాళ్లింట్లో."

"ఎన్నాళ్లు?" అమ్మమ్మ గొంతు తగ్గింది.

"రెండు కాపులు కోశాను."

"మూడు రోజులయ్యాక వాళ్లేమన్నారు నాయనా?"

రజాలీ మోటారు సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఏమీ అనలేదు. ఒక బుట్ట చేతికిచ్చారు. రా, కోతకి పోదాం అన్నారు."

టింఫాన్ కొనకుండానే బండి తిప్పాడు. అమ్మమ్మ కాళ్లు పొద్దుటి నుంచి మొదటిసారి ఆగాయి. ఆమె నా స్టూలు మీద కూలబడింది.

ఆ సాయంత్రం రేవులో అలివి వల పడింది. ఒడ్డు నుంచి తాడు పట్టి లాగే వల అది. తాడు మీద చెయ్యి వేసినవాడికి వాటా ఇవ్వాల్సిందే. నీది ఏ ఊరని అడగడం ఉండదు. రజాలీ షెడ్డు ముందు నిలబడి చేత్తో సైగ చేశాడు. లేవగలిగిన మగవాళ్లు లేచి వచ్చారు. తాడు పట్టుకున్నారు. కొందరు తూలారు కానీ వదల్లేదు. వల ఒడ్డెక్కాక రజాలీ చేపలు పంచాడు, అందరికీ పంచినట్టే. ఎవరూ కిక్కురుమనలేదు. రివాజు అది.

శుక్రవారం కూటం తరవాతి నమాజు వేళ దాకా అరుపులతో సాగింది. మందులెవరు తెస్తారు, దొంగతనాలు జరిగితే, పక్క ఊరివాళ్లు నవ్వితే. చివర్లో రజాలీ లేచాడు. "చుట్టాలైతే పొమ్మనండి. కానీ నిన్న నా తాడు పట్టి వాటా తీసుకున్నారు. వాటాదారుణ్ని నేను పొమ్మనలేను." ఇల్యాస్ గడ్డం గోక్కుని, సర్కారు వేరే చోటు చూపించేదాకా షెడ్డు వాళ్లకే ఉంటుందన్నాడు.

టింఫాన్ గురువారం మధ్యాహ్నమే, రజాలీ వెళ్లాక, అయిపోయాయి, వాడిపోయినవి కూడా. చెప్పులు కొనడానికి నన్నే పంపింది. కొలతలు తీసుకోవడం మాత్రం మర్చిపోయింది మా గొప్ప టీచరు. సగం పిల్లలు పడవలంత చెప్పుల్లో టపటపమంటూ కుళాయికి వెళ్తున్నారు.

అమ్మమ్మ ఇప్పటికీ కంచం పట్టుకుని తిరుగుతూనే ఉంది. సర్కారు ఎప్పుడొస్తుందో, ఎక్కడికి తీసుకెళ్తుందో అని ఆమెకు గుబులు. ఆ చచ్చిన ఇంజను రజాలీ వాకిట్లో విప్పింది విప్పినట్టే పడుంది. నిన్న అటు వెళ్తూ కంచంతో సహా ఆగి అడిగింది.

"ఏమిట్రా, ఇంకా బిగించలేదా?"

"ఒక బోల్టు కనబడట్లేదు నెక్."

"వెతక్కు," అంది, ముద్ద నోట్లో పెట్టుకుని.