తుమ్మచెక్క చదరంగం బల్ల

లక్ష్మీనర్సయ్యకు మొండివాడన్న పేరు ఊరికే రాలేదు. యూనివర్సిటీ క్యాంపస్ ప్రెస్సులో బైండింగ్ పని ఆయనది. కుట్టిన పుస్తకం మూల నూలుపోగంత వంకరగా వచ్చినా విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఫోర్‌మన్ కేకలేసినా, ఆ పుస్తకం కావలసిన ప్రొఫెసరు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నా ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. భార్య రాములమ్మ ఆయనను మార్చాలన్న ఆలోచన ఏనాడో మానుకుంది. అలాంటి మనిషి పంతొమ్మిది వందల అరవై ఏడు ఎండాకాలంలో చదరంగం బల్ల చేస్తానని కూర్చున్నాడు. వడ్రంగం రాదు, ఉలి పట్టుకోవడం తెలియదు. విన్నవాళ్ళు నవ్వారు. ఎవరి కోసం చేస్తున్నాడో తెలిసినవాళ్ళు మాత్రం నవ్వలేదు.

ఆ బల్ల సామేలు కోసం. సామేలు అదే ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. నర్సయ్యది జనగామ దిక్కు, సామేలుది నల్లగొండ దిక్కు. పొలం పనులు వదిలి పట్నం చేరిన ఇద్దరికీ స్నేహం కుదిర్చింది చదరంగమే. మధ్యాహ్నం సద్ది తినగానే ప్రెస్సు వెనక రేకుల షెడ్డు కింద గుడ్డ పరిచేవాళ్ళు. తెల్లటి గుడ్డ మీద నల్లదారంతో గళ్ళు కుట్టి ఉండేవి, అంతే. ఎక్కువసార్లు సామేలే గెలిచేవాడు. గెలిచి ఊరుకుంటే బాగుండేది. సాయంత్రం దాకా ఆ ఆటను మళ్ళీ మళ్ళీ చెప్పి నర్సయ్యను ఉడికించేవాడు. నర్సయ్య మర్నాడు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ గుడ్డ పరిచేవాడు.

తర్వాత సామేలు కళ్ళకు నీటికాసులు వచ్చాయి. మొదట పక్కన ఉన్నవి కనపడటం మానేశాయి, ఆ తర్వాత ఎదురుగా ఉన్నవి మసకబారాయి. ప్రెస్సు పని మానుకోక తప్పలేదు. తార్నాకలో తన చిన్న ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఒక ఆదివారం నర్సయ్య గుడ్డ తీసుకెళ్ళి పరిచాడు. దారపు గీతలు సామేలుకు ఆనలేదు. గుర్రాన్ని జరపబోయి నాలుగు బంట్లను పడేశాడు.

"ఇగ నాతోని గాదు నర్సయ్యా. మడతపెట్టు" అన్నాడు.

వాకిట్లోకి వచ్చాక సామేలు భార్య సాలమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "తిట్టుడు గూడ బంజేసిండు తమ్మీ. కూరల ఉప్పు లేకున్నా ఏమంటలేడు. గదే నాకు భయమైతున్నది."

నర్సయ్య వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళాడు. "అన్నా, గీతలు గాదు, పెద్ద పెద్ద గళ్ళు, ఒకటి తెల్లగ ఒకటి నల్లగ ఉంటే కనవడ్తయా?"

"ఏమో. ఎండ, నీడ తెలుస్తున్నయి ఇంకా."

ఆ మాట చాలు నర్సయ్యకు. సామేలుతో మళ్ళీ ఆడించాలి. అంతకు మించి ఆయనకు ఆ సంవత్సరం వేరే పని లేదు.

చేతిలో ఉన్న సామానుతోనే మొదలుపెట్టాడు. మందపాటి బైండింగ్ అట్ట మీద పుస్తకాలకు తొడిగే కాలికో గుడ్డ, నల్లవీ తెల్లవీ ముక్కలు అతికించాడు. చూడటానికి ముద్దుగా వచ్చింది. కిటికీ దగ్గర పెట్టగానే సామేలు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాలికో గంజి మెరుపు ఆయన కళ్ళను పొడిచింది. ఎనామిల్ రంగు కొట్టినా అదే మెరుపు. ఇరానీ హోటల్లో సలహాలకు కరువు లేదు. ఒకాయన అద్దం అన్నాడు, ఇంకొకాయన నాపరాయి అన్నాడు, జీవితంలో బంటును జరపని పెద్దమనిషి ఒకడు ఏకంగా పాలరాయి అన్నాడు. అందరి చాయలూ చల్లారాయి గానీ బల్ల మాత్రం తేలలేదు. మెరుపు లేనిది, రంగు పూయనక్కర్లేనిది కావాలి. అంటే కట్టె.

అంబర్‌పేట్‌లో కలప అడితికి వెళ్ళి టేకు చూశాడు. బాగుంది, కానీ దానికి జోడీగా నల్లది ఏది? జిట్రేగి చూశాడు. నల్లగా నిగనిగలాడుతోంది, కానీ దానికి తెల్లది ఏది? రెండు చెట్ల చెక్కను ఒకే బల్లలో కలపడం ఆయనకు ఇష్టం లేదు. బైండింగులో రెండు రకాల కాగితం కలిపితే వానాకాలంలో ఒకటి ఇటు, ఒకటి అటు గుంజి పుస్తకం వంకర తిరగడం ఎన్నోసార్లు చూశాడు. కట్టె మాత్రం అంతకంటే బుద్ధిగా ఉంటుందని ఏం నమ్మకం? ఒకే చెట్టు రెండు రంగులూ ఇవ్వాలి.

అప్పుడు తుమ్మ గుర్తుకొచ్చింది. లోపలి చేవ ముదురు ఎరుపు, చుట్టూ ఉండే చెక్క పాలిపోయిన తెలుపు. ఊళ్ళో ఆయన అన్న ఉప్పలయ్య నాగలి కోసం కొట్టిన తుమ్మమొద్దులో ఒక ముక్క బస్సు మీద వేసి పంపాడు. కోతమిషను దగ్గర చెక్కలు కోయించి, గళ్ళకు సరిపడా బిళ్ళలుగా ముక్కలు చేయించాడు. కోసినాయన మాత్రం పెదవి విరిచాడు. "తెల్లచెక్కకు పురుగు వడ్తది. ఏడాది గూడ నిలవది."

పురుగు మాట వినగానే నర్సయ్యలోని రైతు లేచి కూర్చున్నాడు. తండ్రి నాగలి చేయించే ముందు తుమ్మను కుంట బురదలో పాతిపెట్టేవాడు. ఒక వానాకాలం నానిన కట్టె జోలికి ఏ పురుగూ రాదు. హబ్సిగూడ పొలాల దగ్గరున్న కుంటలో, బిళ్ళలన్నీ గోనెసంచిలో మూటగట్టి బురదలో తొక్కి వచ్చాడు.

"గా కట్టె నానేదాక ఆయన కండ్లు ఆగుతయా?" అని రాములమ్మ అడిగింది.

"పురుగువట్టే బల్ల ఇస్తనా మనిషికి?" అన్నాడు నర్సయ్య. మొండితనానికి చెవులుండవు కదా.

వానలు వెళ్ళాయి. దసరా దాటాక సంచి తీసి, బిళ్ళలు కడిగి, నీడన ఆరబెట్టాడు. ఆరిన కొద్దీ ఆయన గుండె జారింది. చేవ నల్లబడింది, సరే. తెల్లచెక్క కూడా నల్లబడింది. తుమ్మలోని వగరూ బురదలోని ఇనుమూ కలిస్తే నలుపు తప్ప ఇంకేమొస్తుంది? తండ్రి ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు, నాగలి రంగు ఎవడు చూస్తాడని? ఒక బిళ్ళను చిత్రిక పట్టి చూశాడు. నలుపు లోపలిదాకా పోయింది. ఏది చేవో ఏది తెల్లచెక్కో ఎండలో పెట్టి చూసినా తెలియడం లేదు.

అది ఒక్కటే అయితే మరో మొద్దు తెప్పించేవాడు. ఈ నాలుగు నెలల్లో సామేలుకు ఎండా నీడా కూడా ఒకటైపోయాయి. రాములమ్మ మాట విని, పురుగుపట్టే చెక్కతోనే బల్ల చేసి ఉంటే, ఈ నాలుగు నెలలైనా ఇద్దరూ ఆడుకునేవాళ్ళు. నర్సయ్య గడప మీద కూర్చుని తలపట్టుకున్నాడు. తన మొండితనం మీద ఆయనకు మొదటిసారి అసహ్యం వేసింది.

అయినా సంచి భుజాన వేసుకుని సామేలు ఇంటికి నడిచాడు. తప్పు చేసినవాడు చెప్పుకోవాలి.

"ఖరాబైనయి అన్నా. అన్నీ ఒక్కతీరు నల్లగైనయి. నీ కండ్లున్నన్ని దినాలు బురదల దాసిన నేను" అని సంచి ముందు పెట్టాడు.

సామేలు మంచం మీదే ముందుకు వంగాడు. ఊరికే ఉండలేక సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీశాడు. బొటనవేలితో రుద్దాడు. పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. సీసపు అక్షరాలను ఏళ్ళ తరబడి చూడకుండా ఏరిన వేళ్ళు అవి. మూడోది తీసి రెండో దాని పక్కన పెట్టాడు.

"ఒక్కతీరు అంటవేంది? ఇది నున్నగున్నది. గిది గరుకున్నది."

నర్సయ్య రెండూ తీసుకుని రుద్దాడు. నిజమే. గట్టి చేవను బురద ఏం చేయలేకపోయింది. మెత్తటి తెల్లచెక్క పీచు లేచింది. బల్లకు వాడి ఉంటే గాజుపెంకుతో గీకి ఆ పీచంతా నున్నగా చేసేసేవాడు తను.

"దీన్ని గీకకు. గిట్లనే ఉండనీయి" అన్నాడు సామేలు. అని మంచం దిగి నేల మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం సంచిలోని బిళ్ళలన్నీ సామేలే వేరు చేశాడు. నున్నవి ఒక కుప్ప, గరుకువి ఒక కుప్ప. నర్సయ్య తోడుపట్టబోయి రెండుసార్లు తప్పు కుప్పలో వేశాడు. మూడోసారి సామేలు ఆయన చెయ్యి తీసి అవతల పెట్టాడు. వంటింట్లోంచి సాలమ్మ తొంగిచూసి, మళ్ళీ పొయ్యి దగ్గరకు పోయింది.

సరేసు జిగురు కాచి, గరుకు పక్కన నున్న, నున్న పక్కన గరుకు వరసగా అతికించి పైన బరువు పెట్టాడు నర్సయ్య. ఆ పని ఆయనకు నీళ్ళు తాగినంత తేలిక. వేళ్ళు తగిలి పావులు పడకుండా ప్రతి గడికీ చిన్న రంధ్రం, ప్రతి పావు కిందా వెదురు పుల్ల ఉండాలన్నది సామేలు సలహా. ఏవి ఎవరివో చేతికి తెలిసేలా నల్లపావుల నెత్తిన ఇత్తడి మేకులు కొట్టాలన్నదీ ఆయన సలహాయే. సలహాతో పాటు రెండు తిట్లు కూడా వచ్చాయి. మొదటి రంధ్రాలు వంకరగా ఉన్నాయట.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం ఆట మొదలైంది. సామేలు ఎత్తు వేసే ముందు రెండు చేతులూ బల్లంతా పరిచి, గడీ గడీ తడిమేవాడు. నర్సయ్య ఓపిగ్గా కూర్చున్నాడు. ఆయన మనసులో ఉన్నది ఒక్కటే, ఈ మనిషి ఇవాళ గెలవాలి. ఆట సగంలో తన ఏనుగును కావాలనే సామేలు శకటు దారిలో పెట్టాడు.

సామేలు వేళ్ళు బల్ల మీద తిరిగి, ఆ ఏనుగు దగ్గర ఆగాయి. దాన్ని చంపలేదు.

"ఇదెందుకు వెట్టినవ్ గీడ?"

"చూస్కోలే అన్నా."

"కండ్లు పోయింది నాకు. నీకు గాదు." సామేలు ఏనుగును ఊడబీకి, అది అంతకుముందున్న గడిలో గుచ్చాడు. "ఆడితే ఆడు. లేదంటే బల్ల తీస్కొని పో."

నర్సయ్య ముఖం కందగడ్డ అయింది. సామేలుకు అది కనపడలేదు గనుక బతికిపోయాడు. నడుం సవరించుకుని, షెడ్డు కింద ఎలా ఆడేవాడో అలా ఆడాడు. జాలి లేదు, దయ లేదు. సామేలు గుర్రాన్ని చంపాడు, మంత్రిని తరిమాడు. పొద్దు వాలేసరికి సామేలు రాజుకు ఎటూ దారి లేకుండా పోయింది.

"ఆటకట్టు" అన్నాడు నర్సయ్య. అన్నాక భయం వేసింది. ఇన్ని నెలలు తిప్పలు పడింది ఈ మనిషిని ఓడించడానికా?

సామేలు రాజు చుట్టూ ఉన్న గళ్ళన్నీ తడిమాడు. నున్న, గరుకు, నున్న. అంతా నిజమేనని తేల్చుకున్నాడు.

"సాలమ్మా," అని వంటింట్లోకి అరిచాడు, "గీయన నన్ను ఓడగొట్టిండు. చాయ నాకొక్కనికే తే."

నర్సయ్య నవ్వు ఆపుకుంటూ చెప్పుల కోసం లేచాడు. సామేలు చెయ్యి చాచి ఆయన పంచె కొంగు పట్టుకుని కిందికి గుంజాడు. రెండో చెయ్యి అప్పటికే పావులు తిరిగి గుచ్చుతోంది.

"యాడికి వోతవ్? కూసో. ఓడి లేచేటోన్ని గాదు నేను."

నర్సయ్య కూర్చున్నాడు.