చిన్నమ్మను అడిగి రాసిన వ్యాసం

2011. వానలు తగ్గి, చలి ఇంకా మొదలుకాని రోజులు. మహబూబాబాద్‌లో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను ఇంగ్లీషు లెక్చరర్‌ని. తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యోగులమంతా సమ్మెలో ఉన్నాం. కాలేజీకి తాళం పడింది. పొద్దున పదింటికి తహసీల్దార్ ఆఫీసు ముందరి శిబిరానికి పోయి కూర్చోవడం, సాయంత్రం ఇంటికి రావడం, అదే మా డ్యూటీ. బస్సులు లేవు. రైళ్లు ఏ రోజు నడుస్తాయో తెలియదు. భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిల కార్మికులు కూడా పని ఆపేసరికి కరెంటు వచ్చేదాకా నమ్మకం లేదు, వచ్చినాక ఉంటుందన్న నమ్మకమూ లేదు.

ఆ శిబిరానికే అనిత నన్ను వెతుక్కుంటూ వచ్చేది. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. గూడూరు అవతల తండా వాళ్లది. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు బడిలో నేర్చుకుంది, ఇంగ్లీషు నా దగ్గర. హాస్టల్ మూసేస్తే మహబూబాబాద్‌లోనే బంధువుల ఇంట్లో ఉంటోంది.

వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ పేద పిల్లలకు ఫీజు లేకుండా సీటు ఇస్తుందని పేపర్లో చూసి అనితకు చెప్పింది నేనే. మార్కులతో పాటు వాళ్లు పర్సనల్ స్టేట్‌మెంట్ అడిగారు. అంటే తానెవరో, తనను మార్చిన సంఘటన ఏదో విద్యార్థి సొంతంగా రాయాల్సిన చిన్న వ్యాసం. వర్డ్ లిమిట్ ఐదు వందల మాటలు. అంతకు ఒక్క మాట ఎక్కువైనా కంప్యూటర్ తీసుకోదు. ఆన్‌లైన్‌లో పంపడానికి పదకొండు రోజులు మిగిలాయి.

మన పిల్లలకు వ్యాసమంటే గైడులో చదివి రాసేది. అనిత మొదటి డ్రాఫ్టు కూడా అట్లాగే ఉంది. డాక్టరునై పేదలకు సేవ చేస్తానని. ఆ కాగితం ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. నీ ఇంట్లో జరిగింది ఏదన్నా రాయమన్నాను. ఆమె వాళ్ల అన్న సంగతి చెప్పింది.

అన్న డిగ్రీ చదువుతున్నాడు. డోర్నకల్ దిక్కు రైల్‌రోకోలో పోలీసులు పట్టుకుపోయారు. కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తోంది. వింటుంటే నా ఒళ్లు పులకరించింది. ఇదే రాయి, ఇంతకన్నా మంచి టాపిక్ దొరకదు అన్నాను. అనిత తల ఊపింది కానీ మొహంలో సంతోషం లేదు. అది నేను పట్టించుకోలేదు.

రెండో డ్రాఫ్టు నిజంగా బాగా రాసింది. శిబిరంలో నినాదాల మధ్య కూర్చొని ఎర్రపెన్నుతో దిద్దాను. అందులో ఒకచోట, అన్న ఇంజను అద్దం మీదికి రాయి విసిరాడని ఉంది. ఆ వాక్యంలో క్రియ కాలం తప్పింది. దాన్ని సరిచేసి, పక్కన టిక్కు పెట్టాను.

మరునాడు వాళ్ల నాయిన శిబిరానికి వచ్చాడు. తలకు రుమాలు, చేతిలో చెప్పులు. చెప్పులు వేసుకొని లోపలికి రావొచ్చంటే వద్దన్నాడు. బయటే నిలబడి అడిగాడు.

"మేడం, ఆ కాయితంల మా పోరని పేరున్నదా?"

ఉందన్నాను. అది చదువుకోసం పంపేదని, పోలీసులకు పోయేది కాదని చెప్పాను.

"అది ఏడికి పోతదో నాకెరుక లేదు. రాయి ఇసరలేదని మా వకీలు కోర్టుల చెప్పిండు మేడం. ఇసిరిండని మా బిడ్డనే రాస్తే ఎట్ల?"

ఆ వాక్యానికి నేను పెట్టిన టిక్కు కళ్లముందు కనిపించింది. వ్యాకరణం చూశాను కానీ, ఆ వాక్యం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడలేదు. కాగితం ఆయన చేతికే ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకొని, దండం పెట్టి పోయాడు. అప్పటికి నాలుగు రోజులే మిగిలాయి.

ఆ సాయంత్రం అనితను ఇంటికి పిలిచాను. తప్పు నాదేనని చెప్పాను. ఉద్యమం గురించి రాయాలన్న ఆశ నాది, దాన్ని ఆ పిల్ల చేత రాయించబోయాను. మళ్లీ సేవ, ఆశయం అని రాసి పంపేద్దామా అంటే ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత మెల్లగా వేరే సంగతి చెప్పింది.

అంతకు ముందు ఏడాది వాళ్ల చిన్నమ్మ నిండు గర్భిణి. దవాఖానకు తీసుకుపోతే, ఆమెకు తెలుగు రాదు కాబట్టి మాట చెప్పడానికి అనితను వెంట తీసుకుపోయారు. స్కానింగ్ చూసి, కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పి, మీ చిన్నమ్మకు చెప్పమన్నాడు. పదహారేళ్ల పిల్ల. నోరు రాలేదు. అంతా మంచిగనే ఉన్నదట, రేపటిదాకా ఉండమంటున్నారు అని చెప్పింది. మరునాడు కాన్పు అయ్యాక చిన్నమ్మకు తెలిసింది.

"అప్పటిసంది చిన్నమ్మ నాతోని సరిగ మాట్లాడది మేడం. నేను గది రాస్తే అబద్ధం చెప్పినదానికి సీటిస్తరా?"

ఇస్తారో లేదో నాకూ తెలియదు. ఆ భయం ఆమెకన్నా నాకే ఎక్కువ ఉంది. కానీ ఈసారి ముందు అడగాల్సినవాళ్లను అడగాలని మాత్రం తెలిసింది. మరునాడు మా ఆయన బండి తీసుకొని అనితను వెనక ఎక్కించుకొని తండాకు పోయాను. దారిలో రెండుచోట్ల రోడ్డుకు అడ్డంగా చెట్లు కొట్టేసి ఉన్నాయి. బండి దించి, పొలాల్లోంచి తోసుకుంటూ పోయాం.

చిన్నమ్మ ఇంటిముందు మిరపకాయలకు ముచ్చికలు తీస్తోంది. పాతికేళ్లుంటాయి. నేను తెలుగులో చెప్పాను, అనిత లంబాడీలో చెప్పింది. మీ సంగతి రాయొచ్చా, పేరు లేకుండా రాస్తుంది, వద్దంటే మానేస్తుంది అని. చిన్నమ్మ చేతిపని ఆపలేదు. తల ఎత్తకుండా చాలా పొడుగ్గా ఏదో చెప్పింది. అనిత మొహం మారిపోయింది. నా వైపు చూసి, నేలకేసి చూసింది.

ఏమన్నదని నేను అడగలేదు. ఆగాను.

"దవాఖానకు పోయేనాటికే రెండు దినాల నుంచి కడుపుల కదలిక లేదట," అంది అనిత. "అప్పుడే ఆమెకు ఎరుకైందట. కానీ నేను మంచిగుందనంగనే, తన కడుపును ఇడిచిపెట్టి నా మాట నమ్మిందట. ఆ ఒక్క దినం బిడ్డకు పేరు గూడ అనుకున్నదట. నువ్వు నిజం చెప్తే ఆ దినం ఏడుస్తుంటి, గా పేరు నాకు మిగలకపోతుండె అంటంది. రాసుకో, కానీ చిన్నమ్మ మాఫ్ చేసిందని రాయకు, నేను చెయ్యలే అంటంది."

తనమీద పడ్డ మాటను ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది ఆ పిల్ల. చిన్నమ్మ అప్పుడు తల ఎత్తి అనితను చూసింది. లోపలికి పోయి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది. మళ్లీ మిరపకాయల ముందు కూర్చుంది.

ఆఖరి డ్రాఫ్టు అనిత ఒక్కతే రాసింది. చివరి పేరాలో ఆనాటి మిరపకాయల వాకిలి ఉంది, చిన్నమ్మ మాటలు ఉన్నాయి, మాఫీ లేదు. ఐదు వందల డెబ్బై మాటలైంది. డాక్టరునవుతానన్న పేరా అంతా తనే కొట్టేసి లిమిట్‌లోకి తెచ్చింది. నేను స్పెల్లింగులు తప్ప ఏమీ ముట్టలేదు.

ఆఖరి రోజు నెట్ సెంటర్లో కూర్చున్నాం. పొద్దుటి నుంచి కరెంటు లేదు. మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. నేనే టైపు చేస్తానన్నాను, అనిత వద్దంది. సబ్మిట్ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉండగానే కరెంటు పోయింది. వ్యాసం చేరిందో లేదో తెలియదు. సాయంత్రం దాకా ఎదురు చూశాం, కరెంటు మళ్లీ రాలేదు. చేరిందన్న మెయిల్ రెండు రోజుల తర్వాత కనిపించింది. ఆ రెండు రోజులు శిబిరంలో నినాదాలకు నా గొంతు కలవలేదు.

ఇంటర్వ్యూకు పిలిచారు. అట్లాంటి కబురు ఇప్పుడు చెప్పాల్సి వస్తే ఏం చేస్తావని అడిగారట. చెప్తాను, చెప్పినాక పక్కనే కూర్చుంటాను అని జవాబిచ్చిందట. మొదటి జాబితాలో పేరు రాలేదు. రెండోదాంట్లో వచ్చింది. డాక్టరు కాలేదు. భాషాశాస్త్రం చదివి, ఇప్పుడు దవాఖానల్లో రోగుల మాటను డాక్టర్లకు, డాక్టర్ల మాటను రోగులకు చెప్పేవాళ్లకు శిక్షణ ఇస్తోంది. అన్న మీది కేసు చాన్నాళ్లకు కొట్టేశారు. చిన్నమ్మతో మాటలు ఎట్లా ఉన్నాయని నేనెప్పుడూ అడగలేదు.

నేను నేర్చుకున్నది చిన్నదే. ఇప్పుడు పిల్లలు ఇట్లాంటి వ్యాసం తెస్తే పెన్ను తీయను. ఇందులో ఇంకెవరున్నారు, వాళ్లను అడిగినవా అంటాను. చాలామంది తల దించుకుంటారు. కాగితం వాళ్ల చేతికే ఇచ్చి, పోయి అడిగి రమ్మంటాను. కొందరు తిరిగి రారు. వచ్చినవాళ్ల కాగితంలో మాత్రం, నేను దిద్దలేని వాక్యం ఒకటైనా ఉంటుంది.