దింపుకో సినిమా

ఇప్పుడంటే సినిమా ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఫోను మీద వేలు ఆనిస్తే వస్తుంది, నచ్చకపోతే పోతుంది. ఆ రోజుల్లో అలా కుదిరేది కాదు. సీడీని అంచుల దగ్గర పట్టుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, గీతలుంటే కండువా కొసతో తుడిచి, ప్లేయరులోకి తోసి, "తిరుగుతోందా?" అని చెవి పెట్టి విని, అప్పుడు కూర్చోవాలి. అలాంటి సినిమాలు బీరువా నిండా ఉన్న ఇంటికి నేను కోడలిగా వెళ్ళాను. వెళ్ళి నెల తిరక్కుండానే ఆ బీరువాని సర్వనాశనం చేశాను. అయినా నన్ను ఆ ఇంటివాళ్ళు ఏమీ అనలేదు. అనకపోవడమే కాదు, ఇంకోటి కూడా చేశారు. అది చెబుదామనే ఇదంతా.

మా అత్తవారిది కొత్తపేట దగ్గర కొబ్బరితోటల మధ్య ఇల్లు. మా వారు పొద్దున్నే మోటారుసైకిలెక్కి తాటిపాక డ్యూటీకి వెళ్ళిపోతే ఇంట్లో నేను, అత్తయ్యగారు, మావయ్యగారు, ఆ బీరువా మిగిలేవాళ్ళం. తోటలో కాయలు దింపించి అమ్మిన ప్రతిసారీ మావయ్యగారు అమలాపురం వెళ్ళి ఒక సినిమా కొనుక్కొచ్చేవారు. దింపుకో సినిమా. అది ఆయన పెట్టుకున్న నియమం. (ఎరువు కట్ట మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, సినిమా మర్చిపోయిన రోజు లేదని అత్తయ్యగారు అనేవారు.) కొన్నదాన్ని కొన్నట్టే బీరువాలో వరసగా పెట్టుకుంటూ పోయేవారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఇంట్లో ఎవరూ సినిమాని దాని పేరుతో పిలవరు. మొదటిరోజు మావయ్యగారు, "అమ్మాయ్, ఆ పనసకాయ సినిమా ఓసారి పట్టుకొస్తావా అమ్మా?" అన్నారు. నేను బీరువా ముందు నిలబడి ఏ అట్ట మీదైనా పనసకాయ బొమ్మ ఉందేమోనని అరగంట వెతికాను. తీరా చూస్తే ఆ సినిమాలో పనసకాయే లేదు. అది చూస్తుండగా పెరట్లో చెట్టు మీంచి పనసకాయ స్నానాలగది రేకుల మీద పడిందట. దొంగలనుకుని అందరూ కర్రలు పట్టుకుని పరిగెత్తారట. కాబట్టి అది పనసకాయ సినిమా. అలాగే అల్లుడుగారి సినిమా అంటే మా ఆడపడుచు భర్త మొదటిసారి వచ్చినప్పుడు గురకపెట్టిన సినిమా. కరెంటు సినిమా అంటే చివరి పోరాటం ముందు కరెంటు పోతే మిగతా కథ మావయ్యగారే కల్పించి చెప్పిన సినిమా. (తర్వాత అసలు ముగింపు చూశారట గానీ, మావయ్యగారిదే బాగుందని తీర్మానించుకున్నారు.)

ఈ పేర్లు చెప్పుకుని వాళ్ళు పడీపడీ నవ్వేవారు. నేనూ మర్యాదకి నవ్వేదాన్ని. కానీ ఏం లాభం? పనసకాయ పడ్డనాడు నేను లేను, అల్లుడుగారు గురకపెట్టిననాడూ లేను. పెళ్ళయి వచ్చి, పుస్తెలు మెళ్ళో ఉండి కూడా, ఆ నవ్వుల్లో నేనొక చుట్టపుచూపుగా వచ్చినదాన్నే. నిజం చెప్పొద్దూ, ఆలమూరులోని మా పుట్టింటి మీద బెంగకంటే ఈ బెంగే ఎక్కువగా ఉండేది. ఈ ఇంట్లో నేను కూడా ఒక మనిషిని ఎప్పటికవుతానా అని.

అప్పటికి నేను లైబ్రరీ కోర్సు కొత్తగా పూర్తిచేసి ఉన్నాను. నాకు చాతనైన విద్య అదొక్కటే. బీరువాని శాస్త్రీయంగా సర్దిపెడితే అందరూ మెచ్చుకుంటారు కదా అనుకున్నాను. అత్తయ్యగారూ మావయ్యగారూ అమలాపురంలో పెళ్ళికి వెళ్ళిన రోజు చూసి నడుం బిగించాను. సీడీలన్నీ అట్టల్లోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, చాప మీద పరిచాను. సినిమాకి రెండేసి సీడీలు. చాలావాటి మీద అచ్చు చెరిగిపోయి ఒకటి, రెండు అన్న అంకెలు తప్ప ఏమీ లేవు. ఒకట్లు ఒక దొంతర, రెండ్లు ఒక దొంతర పెట్టాను. రెండు దొంతర్లూ ఒకే వరసలో ఉన్నాయన్నది నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఎందుకు కలిగిందో ఈనాటికీ తెలియదు.) అట్టల మీది పేర్ల ప్రకారం అ, ఆ, ఇ, ఈ వరస కట్టి, తెల్లకాగితం ముక్కల మీద అక్షరాలు రాసి అంటించాను. రెండో అర మధ్యలో జానెడు ఖాళీ ఉండి, అందులో పాత టార్చిలైటు ఒకటి పడి ఉంటే, దాన్ని వంటింట్లో పెట్టేసి ఆ ఖాళీ కూడా నింపేశాను.

సాయంత్రం మావయ్యగారు బీరువా తెరిచారు. టార్చిలైటు ఉండే చోట చెయ్యి పెట్టి, తీసేసుకున్నారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"ఆయ్, చాలా బావుందమ్మా. అచ్చం లైబ్రరీలాగుంది," అన్నారు.

"అవునండి, అద్దంలా సర్దింది పిల్ల," అన్నారు అత్తయ్యగారు. నేను గాల్లో తేలిపోయాను.

ఆ వారమంతా వాళ్ళిద్దరూ చేతికి దొరికిన సినిమా పెట్టుకుని, కిక్కురుమనకుండా చూశారు. ఒక సాయంత్రం టీ పట్టుకెళ్ళి, నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాను. మొదటి సగంలో కళ్ళు లేని కథానాయిక రెండో సగంలో స్కూటరు మీద వెళ్తోంది.

"అదేంటండీ మావయ్యగారూ?" అన్నాను.

"ఇంటర్వెల్లో ఆపరేషన్ చేయించుంటారమ్మా," అన్నారాయన టీ అందుకుంటూ.

"మరి హీరో కూడా మారేడేంటండీ?"

అత్తయ్యగారు మావయ్యగారి వంక చూశారు. "కథ మంచి మలుపు తిరిగిందిలే అమ్మాయ్. నువ్వూ కూర్చో," అన్నారు. అప్పుడర్థమైంది నేనేం చేశానో. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాకోసమే పుట్టింది. వాళ్ళ మర్యాదకి నాకు ఏడుపొచ్చింది. ఒక్క మాట తిట్టినా అంత ఏడుపు వచ్చేది కాదు.

అట్టల సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఒక ఏడు పెద్ద గాలివానకి పెంకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళొచ్చాయట. తడిసిన అట్టలు దండెం మీద ఆరేసి, ఏ అట్టలో పడితే ఆ అట్టలో సినిమాలు పెట్టేశారట. అంచేత అట్ట మీది పేరు ఉత్తదే. ఏ దింపుకి కొన్నది ఏ చోట ఉంటుందన్నదే లెక్క. ఆ గాలివానకి తోట సగం పడిపోయి ఏడాదిపాటు దింపు లేదు, సినిమా లేదు. ఆ జానెడు ఖాళీ అదే, ఆ రాత్రి పట్టుకున్న టార్చిలైటే దానికి గుర్తు. నేను ఆ ఏడాదిని కూడా తీసేసి వంటింట్లో పెట్టేశానన్నమాట.

ఇంతలో ముక్తేశ్వరం పెద్దమ్మగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ మావయ్యగారి అక్కగారు. భర్త పోయి కొన్నేళ్ళయింది. ఏటా ఆయన ఆబ్దికం వెళ్ళాక ఒకరోజు తమ్ముడింటికి వచ్చి పకోడీల సినిమా చూసి వెళ్తారు. మరేం లేదు, ఆ పెద్దనాన్నగారు బతికుండగా ఈ ఇంట్లో పకోడీలు తింటూ ఆ సినిమా చూశారు. అందులో బస్సులో ఒకాయన గొడుగు తెరుచుకుపోయి ఎంతకీ మూసుకోదు. అది చూసి ఆయన నవ్విన నవ్వుకి పకోడీ గొంతుకడ్డం పడి, పొలమారి, అందరూ వీపు చరిచేంత పనయింది. ఆవిడకి ఆయన మిగిల్చి వెళ్ళిన నవ్వు అది. ఆ సినిమా పేరు ఎవరికీ తెలియదు. అది ఏ అట్టలో ఉందో అసలే తెలియదు.

ఆవిడ వచ్చిన పొద్దున్నుంచీ నేను ప్లేయరు ముందు కూర్చున్నాను. మావయ్యగారు పక్కన కుర్చీ వేసుకున్నారు. ఒకటో సీడీలన్నీ వరసగా పెట్టడం, ఆయన రెండు నిమిషాలు చూసి, "ఇది మీ ఆయన సైకిలు మీంచి కాలవలో పడ్డప్పటిదమ్మా" అనో, "ఇది మీ అత్తయ్య అలిగి వంట మానేసినప్పటిది" అనో చెప్పడం. రెండో సీడీలు ముట్టుకోలేదు. సగంలోంచి చూస్తే నాకేం తెలుస్తుందమ్మా అన్నారాయన. పన్నెండు దాటింది. ఆవిడ సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి. మావయ్యగారు పాలేరుతో మాట్లాడ్డానికి తోటలోకి వెళ్ళారు. అప్పుడు తెర మీద ఒక బస్సు కనపడింది. బస్సు పక్కనే గొడుగు!

నేనేం చేశానో నాకే తెలియదు. కొంగు నడుముకి దోపి, పెరటి గుమ్మంలోకి పరిగెత్తి, "దొరికిందండోయ్!" అని తోటంతా వినపడేలా అరిచాను. ఆ ఇంటికి వచ్చాక నా గొంతు ఇంటి గుమ్మం దాటడం అదే మొదలు. మావయ్యగారు చెప్పుల్లేకుండా వచ్చారు. పాలేరు కత్తితో వచ్చాడు. పెద్దమ్మగారు సగం తలకి నూనె పెట్టుకుని, సగం జుట్టు విరబోసుకుని వచ్చారు. తీరా అందరూ వచ్చేసరికి, ఆ గొడుగు కింద కథానాయికా నాయకుడూ వానపాట పాడుకుంటున్నారు.

నా మొహంలో నెత్తురుచుక్క లేదు. పెద్దమ్మగారే చాప లాక్కుని కూర్చున్నారు.

"ఇదీ బానే ఉందమ్మా. ఇదే చూద్దాం. పకోడీలు వేసేరా?"

"ఆయ్, వేస్తున్నానండి వదినగారూ," అన్నారు అత్తయ్యగారు లోపల్నించి.

ఆవిడ నాకోసం ఆ ముక్కూ మొహం తెలియని సినిమా సగం, మధ్యమధ్య "పాపం", "బావుంది" అంటూ ఓపిగ్గా చూశారు. ఇంటర్వెల్ అయింది. అదే అట్టలోంచి రెండోది తీసి పెట్టాను. కథానాయకుడు మారిపోయాడు. నేను తల వంచేసుకున్నాను. కాసేపటికి పెద్దమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇదిగో, బస్సెక్కుతున్నాడు చూడు. ఇప్పుడు, ఇప్పుడు చూడమ్మా, గొడుగు..."

గొడుగు తెరుచుకుంది. ఆవిడ నవ్వారు. నవ్వీ నవ్వీ ఆవిడకే పకోడీ అడ్డం పడి పొలమారింది. మావయ్యగారు లేచి అక్కగారి నడినెత్తిన తట్టుతూ, "ఎవరో తలుచుకుంటున్నారే అక్కయ్యా," అన్నారు అలవాటుగా.

"ఎవరో ఏంట్రా," అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆయనే."

తర్వాత చాలా రోజులు పట్టింది బీరువా మళ్ళీ సర్దడానికి. మావయ్యగారు చెప్పేవారు, నేను పెట్టేదాన్ని. ఒక్కో సినిమాతో ఒక్కో ఏడాది నా చేతికొచ్చింది. టార్చిలైటు దాని చోటికి అది వెళ్ళింది. జంటలన్నీ కలిపాం, ఆ ఒక్కటీ తప్ప. దాన్ని విడదీయొద్దని పెద్దమ్మగారు వెళ్తూ వెళ్తూ గట్టిగా చెప్పారు. "సగం ఆయన సినిమా, సగం దొరికిందండోయ్ సినిమా. బావుంది, అలాగే ఉంచండి." మరి దాన్ని ఎక్కడ పెట్టమంటారని మావయ్యగారిని అడిగాను. పకోడీల సినిమా చోట పెట్టనా, వానపాట చోట పెట్టనా?

"చివర్న పెట్టమ్మా," అన్నారాయన. "నువ్వొచ్చేకే కదా అది వచ్చింది. కోడలి సినిమా." బీరువా తలుపు వెనక్కి తిరిగి కాసేపు ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

ఇప్పుడా ప్లేయరు తిరగదు. నేను అమలాపురంలో కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకి అంకెలు అంటిస్తూ బతుకుతున్నాను. (అక్కడ అట్టల మీద పేర్లు నిజమే.) మొన్న మా అబ్బాయి ఎలా పట్టాడో పట్టి, పకోడీల సినిమా మొత్తం ఫోనులోంచి టీవీలో వేశాడు. మొదటి సగం కూడా అదే సినిమా. మావయ్యగారు చివరిదాకా చూసి, "ఇదేం సినిమారా, మొదట్నించీ ఆ ఒక్కడే ఉన్నాడు," అని పెదవి విరిచారు. గొడుగు దగ్గర నాకు పొలమారింది. "ఎవరో తలుచుకుంటున్నారమ్మా," అన్నాడు మావాడు మంచినీళ్ళు అందిస్తూ. పెద్దమ్మగారు పోయి నాలుగేళ్ళు దాటింది.

"ఎవరో ఏంట్రా," అన్నాను.