నాలుగో గదిలో చీటీలక్క

ఆసుపత్రిలో ఆమెను అందరూ చీటీలక్క అనేవారు. ఓపీ ఫార్మసీ కిటికీ వెనక నిలబడి ఇరవై రెండేళ్లుగా మందులు ఇచ్చింది. డాక్టర్ల రాత చదవడంలో ఆమెకు సాటి ఎవరూ లేరు. కోడి కెలికినట్టున్న గీతలైనా సరే, చీటీని కాస్త దూరంగా పట్టుకుని ఒక్క క్షణం చూసేది. ఆ వెంటనే చెయ్యి సరైన అరలోకి వెళ్లిపోయేది.

నాలుగో గదిలో కూర్చునే పెద్ద డాక్టరు రాత మరీ ఘోరం. ఒకసారి ఆయనే ఓ పాత చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఇందులో నేనేం రాశానో కాస్త చదివి పెట్టమ్మా."

ఆమె చదివి చెప్పింది. "ఫరవాలేదే, మంచి మందే రాశాను," అనుకుంటూ ఆయన వెళ్లిపోయారు.

అలాంటి చోట, వచ్చే నెల మొదటి తారీఖు నుంచి చీటీలు ఉండవన్నారు. డాక్టరు తన గదిలో కంప్యూటర్‌లో మందు ఎంచుకుంటే అది నేరుగా ఫార్మసీ స్క్రీన్ మీదికి వస్తుంది. ఏ పూట ఎన్ని వేసుకోవాలో అచ్చయిన కాగితం వస్తుంది. దాన్ని సంచి మీద అంటించి ఇవ్వడమే.

"ఇక నీ కళ్లకి రిటైర్‌మెంట్ అక్కా," అన్నాడు పక్క కిటికీ ఫార్మసిస్టు.

ఆమె నవ్వింది గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. తనకు బాగా వచ్చిన ఒక్క పనీ ఎవరికీ అక్కర్లేకుండా పోయిందని ఆ సాయంత్రమంతా అనుకుంటూనే ఉంది.

కంప్యూటర్లు వచ్చిన వారం తిరక్కుండానే నాలుగో గది ముందు వరస మెట్లు దిగి గేటు దాకా పాకింది. పెద్ద డాక్టరు ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నారు. రోగి ముఖం చూడడానికే ఆయనకు తీరిక ఉండడం లేదు. సూపరింటెండెంట్ మేడమ్ చీటీలక్కను పిలిపించింది.

"మీరు ఆయన పక్కన కూర్చోండి. ఆయన చెబుతారు, మీరు ఎక్కించండి. ఆయన ఒకసారి చదువుకుని తన పాస్‌వర్డ్‌తో ఖాయం చేస్తారు."

"నాకు టైపింగ్ రాదు మేడమ్."

"ఆయనకి మాత్రం వచ్చా? ఆయన రాతే చదివినవాళ్లు, ఆయన మాట అర్థం కాదా మీకు?"

మొదటి రోజే తప్పు జరిగింది. ఒకే పేరుతో ఇద్దరు ముసలమ్మలున్నారు. ఆమె ఒకరికి బదులు ఇంకొకరి వివరాలు తెరిచింది. డాక్టరు స్క్రీన్ చూసి, "షుగర్ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగారు.

"నాకు షుగరెక్కడిది నాయనా? మోకాళ్లు పట్టేసి వచ్చాను," అంది ముసలమ్మ.

గది బయట నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. చీటీలక్క చెవులు వేడెక్కిపోయాయి. ఆ తర్వాత ప్రతి మనిషినీ పేరు, వయసు, ఇల్లు ఏ వీధిలోనో అడిగాకే వివరాలు తెరిచింది. దాంతో పని ఇంకా ఆలస్యమైంది.

ఇంటికొచ్చి అత్తగారి ముందు కూలబడింది. "నా వల్ల కాదత్తయ్యా. రేపు వెళ్లి చెప్పేస్తాను."

అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటినా నోటికి పదును తగ్గలేదు. "అదేమన్నా కరుస్తుందా? నేను కుట్టుమిషను నేర్చుకునేటప్పుడు సూది వేల్లోంచి దిగింది. కట్టు కట్టుకుని మర్నాడు మళ్లీ కూర్చున్నా. నీదానికి సూది కూడా లేదు కదే."

ఆ రాత్రి చీటీలక్క చెప్పుల డబ్బా మూత విప్పదీసి, దాని మీద కీబోర్డులోని అక్షరాలన్నీ వరసగా గీసింది. రోజూ వంట అయ్యాక దాన్ని ముందు పెట్టుకుని వేళ్లు ఆడించేది. అత్తగారు డాక్టరు పాత్ర వేసి మందులు చెప్పేది.

"పొద్దున గులాబి రంగు బిళ్ల, ఒకటి. రాయి."

"రంగు కాదత్తయ్యా, పేరు చెప్పాలి."

"దాని పేరుతో నాకేం పని? అదేమైనా నన్ను పేరు పెట్టి పిలుస్తోందా?"

మూడు వారాలకు వేళ్లకు అక్షరాలు దొరకడం మొదలైంది. నాలుగో గది వరస గేటు నుంచి మెట్లకీ, మెట్ల నుంచి వరండాకీ వెనక్కి వచ్చింది. పెద్ద డాక్టరు మళ్లీ మనిషి కళ్లలోకి చూసి మాట్లాడసాగారు.

రెండో నెలలో ఒక వడ్రంగి వచ్చాడు. వేళ్ల కణుపులు ఉబ్బిపోయి ఉలి పట్టుకోలేకపోతున్నాడు. డాక్టరు పరీక్షలన్నీ చూసి, కీళ్లవాతం అని చెప్పి, ఒక మాత్ర పేరు చెప్పారు. "నెలకి పెట్టమ్మా," అని తర్వాతి టోకెన్ కోసం బెల్లు నొక్కబోయారు.

ఆమె మాత్ర పేరు ఎంచుకోగానే పక్క గడులన్నీ వాటంతటవే నిండాయి. రోజుకు ఒకటి, ముప్పై రోజులు. మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ మాత్రను చీటీల మీద ఎన్నో సార్లు చూసింది. దాని పక్కన వారానికి ఒకసారి అని రాసి, చుట్టూ ఎర్ర సిరాతో రెండు సున్నాలు చుట్టేవారు ఆయన. ఆయన రాతలో ఎవరైనా చదవగలిగింది అదొక్కటే.

"డాక్టర్‌గారూ, ఇది రోజూ వేసుకోవాలా?"

"నెలకన్నాను కదమ్మా. బయట అరవై మంది ఉన్నారు, కానివ్వు."

"నెలకే సార్. కానీ ఇందులో రోజూ అని ఉంది."

ఆయన విసుగ్గా కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగారు.

"ఇది నేను చెప్పలేదే."

"మీరూ చెప్పలేదు, నేనూ పెట్టలేదు. అదే నింపుకుంది."

ఆయన కుర్చీ వడ్రంగి వైపు తిప్పుకున్నారు. "జాగ్రత్తగా విను. ఇది వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజు నీకు గుర్తుంటుంది?"

"ఆదివారం సార్. ఆ రోజు పనికెళ్లను."

ఆమె ఆదివారం అని మార్చింది. కానీ తర్వాతి మనిషిని పిలవలేదు. "మిగతా గదుల్లో కూడా ఇలాగే నింపుతుంటుంది కదా సార్?"

ఆయన లేచి నిలబడ్డారు. "నువ్వు ఫార్మసీకి వెళ్లు. నేను మేడమ్‌కి ఫోన్ చేస్తా."

ఫార్మసీలో లెక్క తీస్తే, కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి ఆ మాత్ర పదకొండు మందికి వెళ్లింది. ఎనిమిది మందికి సరిగ్గానే ఉంది. ముగ్గురి సంచుల మీద రోజూ అని అచ్చయింది. చీటీలున్నప్పుడైతే కిటికీ దగ్గర ఎవరో ఒకరు ఆగి చదివేవాళ్లు. అక్షరాలు ముత్యాల్లా ఉండేసరికి ఎవరికీ అనుమానమే రాలేదు.

మేడమ్ తన గదిలో నిలబడే ముగ్గురికీ ఫోన్ చేసింది. ఒకాయన సంచి విప్పనే లేదు. ఇంకొకావిడ, "ఆ కాగితం నేను నమ్మలేదండీ, ఎప్పట్లాగే వారానికే వేసుకుంటున్నా," అంది. మూడో ఆమె ఒక స్కూలు టీచరు. అయిదు రోజుల నుంచి రోజూ వేసుకుంటోంది. నోరంతా పూసి అన్నం మింగలేకపోతోంది. సాయంత్రానికల్లా ఆసుపత్రిలో చేర్చుకుని విరుగుడు మొదలుపెట్టారు. తొమ్మిదో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

ఆ మధ్యలోనే మీటింగ్ పెట్టారు. కంప్యూటర్ కంపెనీ తరఫున వచ్చిన ఇంజినీరు ఓపిగ్గానే చెప్పాడు. "అది ముందుగా నింపి ఉంచేది మాత్రమేనండీ. మార్చుకోవచ్చు. వాడేవాళ్లే చూసుకోవాలి."

చీటీలక్క అలాంటి మీటింగుల్లో ఎన్నడూ నోరు విప్పింది లేదు. ఎవరైనా బదులు చెబుతారేమోనని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేవకపోయేసరికి తనే లేచింది.

"బాబూ, రోజుకి డెబ్బై మంది వచ్చే గదిలో నిండిన గడి వైపు ఎవరూ చూడరు. ఖాళీగా ఉంటేనే చూస్తారు. దాన్ని ఖాళీగా వదిలెయ్యండి. ఏ రోజు వేసుకోవాలో చెబితే గానీ ముందుకు పోనివ్వకండి."

ఇంజినీరు తల ఊపలేదు, వాదించనూ లేదు. పుస్తకం తీసి రాసుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత అతనే నాలుగో గదికి వచ్చి, ఆమెనే ఆ మాత్ర ఎంచుకోమన్నాడు. గడి ఖాళీగా వచ్చింది. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు రోజుల పేర్లు కింద నిలబడ్డాయి. "ఇలాంటివి ఇంకేమైనా కనిపిస్తే నాకే ఫోన్ చెయ్యండమ్మా," అని నంబరు ఇచ్చి వెళ్లాడు. ఆమె ఆ ఏడాదిలో నాలుగు సార్లు చేసింది. మూడు సార్లు ఆమె మాటే నిజమైంది.

టీచరు మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, తప్పు కనిపెట్టింది ఎవరని డాక్టర్ని అడిగింది. ఆయన పక్క కుర్చీ వైపు చూపించారు. టీచరు వచ్చి చీటీలక్క చెయ్యి పట్టుకుని, తర్వాతి టోకెన్ పిలిచేదాకా అలాగే నిలబడింది.

ఏడాది చివరికి పెద్ద డాక్టరు రెండు చేతులతో టైపు కొట్టడం నేర్చుకున్నారు. చీటీలక్కకు వేరే పని అప్పగించారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, కొత్తగా చేరిన నర్సులకీ ఫార్మసిస్టులకీ కంప్యూటర్‌లో మందులు ఎలా సరిచూసుకోవాలో పాఠం చెప్పాలి. మొదటి తరగతిలో తొమ్మిది మంది కూర్చున్నారు. ఆమె చెప్పాల్సిందంతా చెప్పింది. చివర్లో ఒక కొత్త నర్సు చెయ్యెత్తింది.

"మనం మధ్యలో ఆపి అడిగితే డాక్టర్లు విసుక్కోరా అక్కా?"

"విసుక్కుంటారు. అడగ్గానే విసుక్కుంటారు, ఆ తర్వాత చూస్తారు. విసుగు ఎంతసేపమ్మా, ఒక్క నిమిషం."

ఇంకో ఇద్దరు చేతులెత్తారు. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. "ఒక్కొక్కళ్లే అడగండి," అంది.