బంగళా నవలకు నేను రాసిన ముగింపు

2011, వానాకాలం. చిక్కడపల్లి సందులో నా అద్దె పుస్తకాల లైబ్రరీ అప్పటికి ఇరవై వేల పుస్తకాలతో కళకళలాడుతోంది. కాదులెండి, నాలుగు వేలు. అందులోనూ సగం వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్లే. వాటిలో నేను చదవని పుస్తకం లేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి.

అద్దె పుస్తకానికి ముందుగా ఊడిపోయేవి చివరి పేజీలు. అందుకే బైండింగ్ నేనే చేసుకునేవాణ్ణి. పుస్తకం ప్రెస్సులో పదహారేసి పేజీల కట్టలుగా తయారవుతుంది. ఒక్కో కట్టను ఫారం అంటాం. విడిపోయిన ఫారాలను వరసగా పేర్చి, దారంతో కుట్టి, కొత్త అట్ట వేయాలి. చివరి ఫారం కనిపించకపోతే ముగింపు నేనే తెల్లకాగితం మీద రాసి అతికించేవాణ్ణి. అసలుదానికంటే నా ముగింపే బాగుందన్న పాఠకులు ఎందరో. నిజానికి ఇద్దరు. ఒకరు మా బావమరిది.

అలా అతికించిన వాటిలో ఒక అనువాద నవల ఉంది. అట్టా, పేరుండే మొదటి కాగితమూ పోవడంతో ఏ నవలో తెలియదు. పాత బంగళా, తాళాలు వేసిన గదులు, అందులో ఇద్దరు యువతులు. బంగళా నవల అని పిలుస్తూ దెయ్యాల కథల వరసలో పెట్టాను.

దాన్ని తీసుకెళ్లిన విజయ నారాయణగూడలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. ముప్పై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. అశోక్‌నగర్‌లో ఒక పోర్షన్ కిరాయికి తీసుకుని రాధ అనే ఆవిడతో కలిసి ఉండేది. వాళ్లు స్నేహితులని నేననుకునేవాణ్ణి; వరసకు అక్కచెల్లెళ్లని ఇంటి ఓనరు అనుకునేవాడు.

ఒక బుధవారం సాయంత్రం ఆమె పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సార్, ఈ ముగింపు ఈ పుస్తకంది కాదు."

"చదివే రాసిన అమ్మా," అన్నాను.

"గా బంగళాల తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటయి?"

వాచ్‌మన్ దగ్గర అన్నాను. ఆ కథలో వాచ్‌మనే లేడట. మొదటి పేజీ నుంచీ తాళంచెవులు వంటచేసే ముసలామె నడుముకే వేలాడుతుంటాయట. అక్కడితో దొరికిపోయాను.

నేను చేసిందల్లా నాలుగు పేజీలు తిరగేయడం. ఇద్దరు ఆడవాళ్లు, పాడుబడ్డ ఇల్లు అనేసరికి ఒకామె దెయ్యమని తేల్చేశాను. ఒక ఆఫీసరును రప్పించాను, దెయ్యాన్ని వెళ్లగొట్టాను, మిగిలినామెకు ఆ ఆఫీసరుతో పెళ్లి చేశాను. మొత్తం తొమ్మిది వాక్యాలు.

"ఆ ఇంట్ల దెయ్యం లేదు సార్," అంది విజయ. "ఎవరన్న చూస్తరేమోనన్న భయమే ఉన్నది. ఒక పేజీల వాన పడుతుంటది. కిటికీ కాడ కూసోని ఒకామె ఇంకొకామె జడ విప్పి చిక్కు తీస్తది. అంతే. గా పేజీ నాలుగుసార్లు చదివిన. మమ్మల్ని చూసే రాసిన్రనిపించింది."

మమ్మల్ని అన్నప్పుడు ఆమె తల దించుకోలేదు. నేనే దించుకుని స్టాంప్ ప్యాడ్ సర్దాను.

మిగతాది నెమ్మదిగా చెప్పింది. రాధ వాళ్ల అన్న వచ్చే ఆదివారానికి ఆమెకు పెళ్లిచూపులు పెట్టాడు. రెండు నెలలుగా వద్దంటూ వచ్చిన రాధ, నా తొమ్మిది వాక్యాలు చదివి, కథల్లోనే ఇట్లయితే మనమెంత అందట. పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చి వచ్చిందట.

"పుస్తకం చూసి పెండ్లి చేసుకుంటదా అమ్మా?"

"చేసుకోదు. కానీ భయపడ్డ మనిషి సాకు కోసం చూస్తది. మీరు సాకు ఇచ్చిన్రు." పుస్తకం నా వైపు జరిపి అంది: "నాకు అసలుది కావాలె సార్. ఇద్దరు చచ్చిపోయినా సరే, అసలుదే."

"నేను చదవలేదమ్మా," అన్నాను. అన్నేళ్లలో ఆ షాపులో ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆమె పుస్తకం బల్ల మీదే వదిలి, శుక్రవారం వస్తానని వెళ్లిపోయింది.

గురువారమంతా వానలో తడుస్తూ కోఠీ నుంచి ఆబిడ్స్ దాకా పాత పుస్తకాల షాపులన్నీ గాలించానని తర్వాత ఆమెకు చెప్పాను. అబద్ధం. షాపులోనే స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే గుర్తొచ్చింది. దోమలగూడ నుంచి వచ్చే ఒక రిటైర్డ్ ఇంజనీరు ఏడాది కిందట ఒక డిటెక్టివ్ నవల తిరిగిస్తూ, హంతకుడు దొరికినంక ఇద్దరు ఆడోళ్లు గుర్రబ్బండి ఎక్కి పోతరేందయ్యా అని అడిగాడు. కొత్త టెక్నిక్ సార్, ఇప్పుడు ఇట్లనే రాస్తున్నరు అని పంపించేశాను. ఆ రెండు పుస్తకాలూ ఒకే రోజు కుట్టాను. బంగళా నవల చివరి ఫారం ఆ డిటెక్టివ్ నవలలో కలిసిపోయింది.

డిటెక్టివ్ నవల నా వెనక అరలోనే ఉంది. బ్లేడుతో దారం తెంపి ఆ పదహారు పేజీలు విడదీశాను. బంగళా నవలకు, నా కాగితం వెనకాల కుట్టాను.

శుక్రవారం విజయ బల్ల దగ్గర నిలబడే చదివింది. ముసలామె తాళంచెవుల గుత్తి బావిలో పడేస్తుంది. ఇద్దరూ బండెక్కి ఊరు దాటుతారు. ఎక్కడో పట్నంలో చిన్న గది తీసుకుంటారు. కిటికీకి కొత్త పరదా కడతారు. కట్టిన మర్నాడు పొద్దున్నే దాన్ని పక్కకు లాగేస్తారు. అక్కడితో కథ అయిపోయింది.

"ఇద్దరు బతికే ఉన్నరు సార్," అంది చిన్నగా. పుస్తకం కొంగు కింద తడవకుండా పెట్టుకుని పోయింది.

సోమవారం ఇద్దరూ వచ్చారు. రాధ పొట్టి మనిషి, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాకు పెండ్లి చేసిన పెద్దమనిషి మీరేనా?" అంది.

"తప్పయింది బిడ్డా."

శనివారమే అన్నకు ఫోన్ చేసిందట. ఎవరినీ తీసుకురావద్దని, తాను విజయతోనే ఉంటానని చెప్పిందట. అన్న ఫోన్ పెట్టేశాడు, మళ్లీ చేయలేదు. అది చెబుతున్నంతసేపూ విజయ పక్కనే రాధ గొడుగు పట్టుకుని నిలబడింది. నేను స్టూలు చూపించాను. ఒకటే స్టూలు; ఇద్దరూ కూర్చోలేదు.

నా కాగితం చింపబోతే రాధ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనియ్యున్రి. ఎట్ల భయపడ్డనో నాకు యాదికుండాలె." పెన్సిల్ అడిగి నా తొమ్మిది వాక్యాల కింద రాసింది: ఇది షాపాయన రాసింది. కథ తర్వాతి పేజీల ఉన్నది.

ఆ తర్వాత నేను ఏ పుస్తకానికీ ముగింపు రాయలేదు. చివరి ఫారం లేకపోతే అట్ట మీద చివర లేదు అని రాసేవాణ్ణి. ఏమైందని ఎవరైనా అడిగితే తెలియదనేవాణ్ణి. ఆ మాట పలకడానికి నాలుక అలవాటు పడేసరికి చాలా రోజులు పట్టింది.

బంగళా నవల మాత్రం మొదటి పేజీ నుంచీ చదివాను. ఎనిమిది రోజులు పట్టింది. కిటికీ దగ్గర జడ విప్పే పేజీ రెండుసార్లు చదివాను. నాలుగు వేల పుస్తకాల్లో నేను పూర్తిగా చదివినవి రెండు వందలుంటాయేమో. అందులో ఇదొకటి. ఈ మాటలో కోతలు లేవు.